పిన్ని చేతికి తగిన చెక్క

మా పిన్ని పగలంతా మనుషుల్ని ఒకటే ప్రశ్న అడుగుతుంది. "ఇది బాగుందా, ఇది బాగుందా?" కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో, గడ్డం ఎత్తి కుర్చీలో కూర్చున్న మనిషి ముక్కు మీది ఇనప చట్రంలో గుండ్రటి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, చెవి పక్కన మెల్లగా అడుగుతుంది. ఆ గది పొడవు మూడు మీటర్లే. చూపు పరీక్షకు ఆరు మీటర్లు కావాలి. అందుకని అక్షరాల పలకను తిరగేసి అచ్చువేయించి కుర్చీ వెనక గోడకు తగిలించారు, ఎదుటి గోడకు నిలువుటద్దం పెట్టారు. కూర్చున్నవాళ్ళు అద్దంలోకి చూసి, తమ వెనకున్న అక్షరాల్ని ఎక్కడో దూరాన ఉన్నట్టు చదువుతారు. ఇరవై నాలుగేళ్ళుగా పిన్ని ఆ అద్దం పక్కనే నిలబడి ఉంది. ఎదురుగా మూడు మీటర్ల గది, అద్దంలో ఇంకో మూడు మీటర్ల గది. ఒక్కోసారి ఏ గదిలో ఉన్నానో తెలిసేది కాదని నవ్వుతూ చెప్పేది.

పిన్నంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఉద్యోగానికి వాళ్ళ ఊరొచ్చిన నేను, గది దొరికేదాకా అని వాళ్ళింట్లో దిగి, గది వెతకడం మర్చిపోయి రెండేళ్ళుండిపోయాను. కాబట్టి ఇందులో సగం నేను చూసింది, సగం పిన్ని చెప్పింది, మిగతాది బాబాయి గొణిగింది.

పిన్ని నెమ్మదైన మనిషి. పాలు పొంగుతుంటే గిన్నె పక్కనే నిలబడి చూస్తూ ఉండేది. "పొంగుతున్నాయి పిన్నీ" అంటే, "అవునే, చూస్తున్నా" అనేది. చూడటానికీ స్టవ్ కట్టేయడానికీ మధ్య ఆమెకు కాస్త దూరం ఉండేది. ఇక బాబాయి ఇనుప పోత కర్మాగారానికి చెక్క నమూనాలు చేసేవాడు. పంపుకైనా చక్రానికైనా ముందు చెక్కతో రూపం చేస్తారు. దాన్ని తడి ఇసుకలో నొక్కి తీస్తే పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్కలో వెంట్రుకవాసి తేడా వస్తే ఇనుములోనూ వస్తుంది కనక, బాబాయి ఇంట్లో తలుపు గడియ పెట్టినా రెండుసార్లు సరిచూసుకునేవాడు. ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ కుదిరింది.

ఒక వాన మధ్యాహ్నం, దుకాణంలో జనం లేని వేళ, అరవై దాటిన పొడుగాటి మనిషి ఒకాయన గొడుగు దులుపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"దూరానివి కనిపిస్తున్నాయి. దగ్గరవీ కనిపిస్తున్నాయి. మధ్యలోనే ఏదో పోయిందమ్మా" అన్నాడు.

"మధ్యలో అంటే ఎంత దూరం సార్?"

ఆయన చేయి చాచి, చాలక ఇంకాస్త ముందుకు వంగి, "బల్ల అవతలి అంచు దాకా. తొమ్మిదడుగులు" అన్నాడు. "బంతి మీద అచ్చు కనపడట్లేదు. ఎటు తిరుగుతోందో తెలీట్లేదు."

అద్దం మార్చబోతున్న పిన్ని చేయి గాల్లోనే ఆగింది.

"అచ్చు చదవగలిగితే బంతి తిరగట్లేదు. మరకలా కనిపిస్తే బాగా తిరుగుతోంది" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

ఆయన ఆ ఇనప చట్రంలోంచే తలెత్తి చూశాడు. ఒక కంటికి అద్దం ఉంది, ఒక కంటికి లేదు.

"మీరు ఆడతారా?"

"ఆడేదాన్నండి."

"ఎప్పుడు మానేశారు?"

"మానెయ్యలేదండి. ఒక వారం వెళ్ళలేకపోయాను."

"ఎప్పుడా వారం?"

"ఇరవై ఆరేళ్ళయింది."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు చీటీ రాయించుకుని, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు. "మంగళవారం, గురువారం, సాయంత్రం ఐదింటికి. అచ్చాఫీసు మేడమీద. ఆ వారం అయిపోయుంటే రండి."

ఆయన్ని అక్కడంతా మాష్టారంటారని తర్వాత తెలిసింది.

కాలేజీ రోజుల్లో పిన్ని టేబుల్ టెన్నిస్ బాగా ఆడేదని అమ్మ చెప్పగా నాకు తెలుసు. ఎంత బాగా అంటే, కాలేజీల మధ్య పోటీల్లో రెండేళ్ళు వరసగా చివరి ఆట దాకా వెళ్ళింది. ఆ పైఏడు బ్యాటు పిడి కదులుతోందని బాగుచేయించడానికి ఇచ్చింది. ఆ వారమే కళ్ళ పరీక్షల కోర్సుకు ప్రవేశ పరీక్ష. తర్వాత వానలు. తర్వాత కోర్సు వేరే ఊళ్ళో. సెలవులకు వచ్చి చూస్తే, బ్యాటు ఇచ్చిన కొట్టు మూసేసి ఉంది. "ఏడవలేదా?" అని అడిగాను. "లేదే. కొట్టు తలుపుకు వేసిన తాళం ఎంత పెద్దదో అని చూస్తూ నిలబడ్డాను. అదే గుర్తుంది" అంది.

మొదటి మంగళవారం వెళ్ళలేదు. గురువారమూ వెళ్ళలేదు. పై మంగళవారం దుకాణం నుంచి ఇంటికి రావలసిన మనిషి వేళకు రాలేదు. ఏడింటికి వచ్చి, బూట్లతోనే మంచం అంచున కూర్చుంది. చీర మీద బూట్లు. దుకాణం పక్కనున్న కొట్లో కొన్నదట.

"ఎలా ఉంది?" అడిగాడు బాబాయి.

"నీళ్ళలో ఉన్నట్టుంది."

"అంటే బాగుందనా?"

"నీళ్ళలో ఉన్నట్టుందంటున్నా కదండీ."

తర్వాత ఒకరోజు నేనూ వెళ్ళి చూశాను. కింద అచ్చాఫీసు, మెట్లంతా సిరా వాసన. పైన పొడవాటి హాలు, పాతకాలపు ఎత్తు కిటికీలు, మూడు బల్లలు. కింద యంత్రం తిరుగుతున్నంతసేపూ పైన నేల సన్నగా వణుకుతుంది. బల్ల మీద వదిలేసిన బంతి ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా కదిలి, ఆలోచించుకుంటున్నట్టు ఆగి, మళ్ళీ కదిలి అంచు మీంచి పడిపోతుంది. అక్కడివాళ్ళకు అది అలవాటే. సర్వీసు చేసేదాకా బంతిని వేలితో అదిమి ఉంచుతారు. పిన్ని మాత్రం మొదటిరోజు ఆట సంగతి మర్చిపోయి ఆ బంతి ప్రయాణమే చూస్తూ నిలబడిందట. మాష్టారు తొందరపెట్టలేదు.

ఆమె లేని కాలంలో ఆట కూడా మారిపోయింది. బంతి కొంచెం పెద్దదైంది. ఇరవై ఒకటికి ఆడే ఆట పదకొండుకే అయిపోతోంది. సర్వీసు చేసేటప్పుడు చేత్తోనో ఒంటితోనో బంతిని దాచకూడదు, ఎదుటివాళ్ళకు కనపడాలి. "నా సర్వీసులన్నీ దాచినవే" అంది పిన్ని దిగులుగా. "అందుకే ఇప్పుడు అందరం సమానం" అన్నాడు మాష్టారు.

క్లబ్బులో ఎవరో వదిలేసిన బ్యాటు ఒకటి ఇచ్చారు. దాని రబ్బరు అరిగి గాజులా నున్నబడింది. మొదటి పది నిమిషాలూ బంతి ఉండి వెళ్ళిపోయిన చోట పిన్ని బ్యాటు ఊపుతూ ఉంది. తర్వాత ఎడమవైపు వచ్చిన ఒక బంతికి ఆమె మణికట్టు తనంతట తనే తిరిగి, బంతి వలకు అంగుళం పైనుంచి వెళ్ళి అవతలి మూలన పడింది. ఆమె బ్యాటువైపు చూసుకుంది, ఎవరో వెనకనుంచి చెయ్యి పట్టి ఆడించినట్టు. "చేతికి గుర్తుంది. కాళ్ళకే గుర్తులేదు" అన్నాడు మాష్టారు.

నెల గడిచాక ఆయనే చెప్పాడు. "ఈ అరిగిన దాంతో ఇంక లాభంలేదు. సొంతది కట్టించుకోండి. జిగురాయన దగ్గరికెళ్ళండి."

నేనూ తోడు వెళ్ళాను. బస్టాండు వెనక సందులో, ఇద్దరు పక్కపక్కన నడవలేని ఇరుకు కొట్టు. ముందు బంతులు, వలలు, ఈలలు. లోపలి గోడంతా రబ్బరు వేయని ఉత్త చెక్క బ్లేడ్లు, మేకులకు వేలాడుతూ. టేబుల్ టెన్నిస్ బ్యాటులో అసలు ప్రాణం ఆ చెక్కేనని, రబ్బరేమో చెప్పుల్లాంటిదని, అరిగితే మార్చుకోవచ్చని ఆ రోజే తెలిసింది నాకు. చెక్క అంటే ఒక చెక్క కాదు. కాగితాల్లా పలచటి పొరలు ఐదో ఏడో ఒకదానిమీద ఒకటి అతికించి చేస్తారు. కొన్నిటి పొరల మధ్య నల్లటి కార్బన్ బట్ట ఉంటుంది, బంతి చిమ్ముకుపోవడానికి. జిగురాయన పొట్టి మనిషి. రబ్బర్లు అతికించీ అతికించీ ఆయన వేళ్ళ మీద ఎప్పుడూ ఎండిన జిగురు పొర ఉంటుంది. మాట్లాడుతూ దాన్ని ఒలుచుకుంటుంటాడు.

"ఎలాంటి ఆటమ్మా మీది?"

"ముందుకొచ్చి కొట్టేదాన్ని. బంతి లేస్తుండగానే."

ఆయన ఒక బ్లేడు తీసి వేలి కణుపుతో తట్టాడు. టిక్ మంది, గాజు గ్లాసులా. ఇంకోటి తట్టాడు. టక్ మంది, కాస్త లోతుగా. మూడోది మెత్తగా, బయట వానలో కిటికీ చెక్క మోగినట్టు మోగింది. పిన్ని కళ్ళు సగం మూసుకుని వింది. ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని, బరువు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. జిగురాయన దానికేమీ ఆశ్చర్యపోలేదు.

"ఎవరి కోసం తీసుకుంటున్నారమ్మా?"

"నాకేనండి."

"మీకే అనుకోండి. ఇప్పటి మీకా, అప్పటి మీకా?"

పిన్ని చేతిలోని బ్లేడు తిప్పి చూసింది. గోడమీది బ్లేడ్లవైపే చూస్తూ ఉండిపోయింది. నేను పాల గిన్నె గుర్తొచ్చి మోచేత్తో పొడవబోయి ఊరుకున్నాను.

ఆయన లోపలికెళ్ళి మూడు బ్యాట్లు తెచ్చాడు. మూడింటికీ ఒకే రబ్బరు, అంచులకు పట్టీ చుట్టి పొరలు కనపడకుండా కప్పేశాడు. పిడులకు మాత్రం ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి పసుప్పచ్చ దారం, ఒకదానికి ఆకుపచ్చ దారం కట్టి ఉన్నాయి. "వారానికొకటి ఆడి చూడండి. ఏది ఏమిటని నన్నడగొద్దు. చేతికి తెలియాల్సింది చెవికి చెబితే పాడైపోతుంది" అన్నాడు.

ఎర్రదారం వారం మొదటి సాయంత్రం హాలులో మిగతా రెండు బల్లల ఆటా ఆగిపోయింది. పిన్ని కొట్టిన బంతులు ఎవరికీ అందలేదు. కొంగు బొడ్లో దోపుకుని, ముందుకొచ్చి, బంతి లేస్తుండగానే కొట్టింది. ఐదుసార్లు అలా కొట్టిందని మాష్టారే లెక్కపెట్టి చెప్పాడు. ఇంటికొచ్చి, ఎవరైనా కదిపితే ఒలికిపోతానన్నట్టు జాగ్రత్తగా నడిచింది. గురువారం అదే బ్యాటుతో కొట్టిన బంతుల్లో సగం కిటికీ ఊచలకు తగిలాయి. పై మంగళవారమూ అంతే.

"నాకంటే ముందే అది నిర్ణయం చేసేసుకుంటోందే" అంది నాతో. "నేనింకా అనుకుంటూ ఉంటాను, బంతి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది."

అయినా ఎర్రదాన్ని వదల్లేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక పడుకుంటే కలలో అదే వచ్చేదట. కలలో బల్ల వీధంత పొడవు. అవతలి చివర ఎవరున్నారో కనపడదు. బంతి అటునుంచి చాలా నెమ్మదిగా, దూదిపింజలా తేలుతూ వస్తుంది. దాని మీది అచ్చు చదవడానికి బోలెడంత సమయం ఉంటుంది. కొడితే చప్పుడు కాదు, వెలుతురవుతుంది. నిద్రలో ఆమె కుడిచేయి దుప్పటి మీద కదలడం నేనూ చూశాను, పక్కన కుర్చీలో పేపరు చదువుకునే బాబాయీ చూశాడు.

పసుప్పచ్చ దారం వారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీలేదు. "మంచిదే. పెళ్ళిచూపుల్లో అన్నీ బాగుండి ఒప్పుకోలేని సంబంధంలాగుంది" అంది పిన్ని. బాబాయి పేపరు కాస్త కిందకి దించి, మళ్ళీ ఎత్తేసుకున్నాడు.

ఆకుపచ్చ దారం వారం ఆమె అందరి చేతిలోనూ ఓడిపోయింది. బంతి మెల్లగా పోయేది. కానీ ఇంటికొచ్చి అరచేయి చూసుకుంటూ అంది. "బంతి వచ్చి తగిలి పోవట్లేదు. వచ్చి ఒక్క క్షణం కూర్చుని, లేచి వెళుతోంది. ఆ కూర్చోవడం నాకు పిడిలోకి తెలుస్తోంది."

ఇక అక్కణ్ణుంచి తెగని ఆలోచన మొదలైంది. ఎర్రదా, ఆకుపచ్చదా. నన్నడిగింది. అమ్మకు ఫోన్ చేసి అడిగింది. మాష్టారిని అడిగితే, "నాకు కళ్ళజోడు ఏది బాగుందో మీరు చెప్పారా? నన్నే కదా అడిగారు" అన్నాడు. పిన్ని తన పని గురించి ఒక సంగతి ఎప్పుడూ చెబుతుండేది. ఐదారు అద్దాలు మార్చేసరికి మనుషులు భయపడిపోతారు. కనిపించింది చెప్పడం మానేసి, సరైన జవాబు ఏదో అది చెప్పాలనుకుంటారు. అప్పుడామె తీసిన అద్దాన్నే మళ్ళీ పెట్టి, "ఇది బాగుందా?" అంటుంది. "అబ్బో, ఇది చాలా నయం" అంటారు. "అబద్ధమాడరే పాపం. జవాబు నా దగ్గరుందనుకుంటారు" అనేది. ఇప్పుడు కుర్చీలో కూర్చుంది తనే.

"ఎర్రదాంతో గెలిచావా?" అడిగాడు బాబాయి, లెక్క తేల్చేద్దామని.

"ఒక రోజు."

"ఆకుపచ్చదాంతో?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరింకేంటి ఆలోచన?"

"అది కాదండీ."

"ఐదు పొరల చెక్కకి ఇంత ఆలోచనా?" అని ఆయన విసుక్కుని పనిగదిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత పదిరోజులు సాయంత్రాలు ఆ గది తలుపు వేసే ఉంది. లోపల గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు, మధ్యమధ్య ఈల.

ఒక ఆదివారం పొద్దున బాబాయి పాత పేపర్లో చుట్టిన పొట్లం తెచ్చి టీ గ్లాసు పక్కన పెట్టాడు. విప్పితే బ్లేడు. అంత అందమైన చెక్క నేను చూడలేదు. పొరల మీద గీతలు ఎండలో నీటి నీడల్లా ఉన్నాయి. పిన్ని పిడి పట్టుకుంది. వేళ్ళు ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయినట్టు సర్దుకున్నాయి.

"నా చేతి కొలతలు మీకెక్కడివి?"

"నిద్రపోతుంటే తీసుకున్నా."

"నిద్రలో ఎలా పట్టుకుంటానో ఎలా తెలిసింది?"

"గరిటె కాడ పెట్టాను. పట్టేసుకున్నావు."

పిన్ని చాలాసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. బాబాయి మాత్రం గంభీరంగా, పిడి కింద కొలత ఎంతో, పైన ఎంతో వివరించాడు.

రబ్బరు అతికించడానికి జిగురాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని బుల్లి తాసులో పెట్టి చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ చూసి, "మీవారు ఇనుము పనిలో ఉంటారా అమ్మా?" అని అడిగాడు. అవునంటే, "అదీ" అన్నాడు. బ్లేడును అరచేతిలో ఎత్తి ఇంకోసారి బరువు చూశాడు. పాలలాంటి జిగురు పూసి, అది ఆరి గాజులా తేటపడేదాకా ఆగి, రబ్బరు వేసి ఇచ్చాడు.

మంగళవారం బాబాయి కూడా హాలుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడ పక్క బెంచీ మీద, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. సంగతి తెలిసిన మాష్టారు పిన్నిని పిలిచి, "ముందు కళ్ళు మూసుకోండి" అన్నాడు. ఒక్కో బ్యాటే ఆమె చేతికిచ్చి, దాని మీద బంతి వదిలాడు. టప్, టప్, టప్. తర్వాతిది. "ఇది బాగుందా, ఇది బాగుందా?" అన్నాడు, అచ్చం ఆమె గొంతుతో. హాలులో ఉన్నవాళ్ళకు నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు. కింద యంత్రం ఆగి ఉంది. కిటికీల్లోంచి సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడుతోంది. అందులో ధూళి కూడా ఎవరి మాట కోసమో ఆగినట్టుంది.

మాష్టారు ఆకుపచ్చదాన్ని ఒకసారి ఇచ్చి, తీసుకుని, మళ్ళీ దాన్నే ఇచ్చాడు.

"ఇది ఇందాకటిదే" అంది పిన్ని, కళ్ళు తెరవకుండా.

"ఖాయమా?"

"ఖాయం. ఇదే కావాలి."

చివరిగా బాబాయి చేసిన దాన్నిచ్చాడు. దాన్ని చూసి గుర్తుపట్టక్కర్లేదు, పిడి పట్టగానే తెలిసిపోతుంది. బంతి పడింది. డొక్. లేవాల్సినంత లేవలేదు. ఇంకోసారి పడింది. డొక్. పిన్ని కళ్ళు తెరిచి బాబాయి వైపు చూసింది. ఆ క్షణంలో ఆమె ఏమంటుందోనని నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఒక్క తీపి మాట అనేస్తే పోయేది. రోజూ అలాంటి మాటలు విని విని, వాటిని నమ్మకుండా ఉండటమే ఆమె వృత్తి.

"ఏమండీ" అంది. "ఇది మోగట్లేదు."

"మోగట్లేదా?"

ఆయన లేచి వచ్చాడు. బ్యాటు అందుకుని చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో తట్టాడు. ఆకుపచ్చదాన్నీ తట్టాడు. మళ్ళీ తనది తట్టాడు. ముఖంలో నొప్పి ఉందేమోనని వెతికాను. ఉంది, కానీ దానికి పైన ఇంకేదో ఉంది, నమూనా ఇసుకలోంచి సరిగ్గా ఊడిరానప్పుడు కనిపించేది.

"జిగురు ఎక్కువేశాను" అన్నాడు. "పొరలన్నీ కలిసి ఒకే చెక్కైపోయాయి. దేనికదిగా ఉండాలి కదా ఇవి."

"పిడి లాంటి పిడి మాత్రం నేనింతవరకూ పట్టుకోలేదు" అంది పిన్ని.

"పిడిదేముంది" అన్నాడు బాబాయి. కానీ ఇంటికెళ్ళేటప్పుడు మెట్లు దిగుతూ ఈల వేశాడు.

జిగురాయన దారం విప్పి, పట్టీ తీసి చూపించాడు. ఆకుపచ్చది ఐదు పొరల ఉత్త చెక్క, కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ, బల్లకు దూరంగా నిలబడి ఓపిగ్గా ఆడేవాళ్ళకూ ఇచ్చే రకం. ఎర్రది కార్బన్ బట్ట ఉన్నది. పిన్ని ఎర్రదాన్ని తిరిగి ఇస్తూ, గుమ్మం దగ్గర ఒక్కసారి గాల్లో ఊపి చూసి, ఇచ్చేసింది. "తను బాగా ఆడేదండీ" అంది జిగురాయనతో. తనెవరని ఆయన అడగలేదు.

ఆకుపచ్చదాన్ని కొని తెచ్చాక వారానికి పిన్ని చూపుడువేలు పక్కన ఎర్రగా కందింది, చెక్క అంచు ఒరుసుకుని. బాబాయి దాన్ని పనిగదిలోకి తీసుకెళ్ళి, పిడి మొదట్లో రెండు చోట్ల, కాగితం మందాన, అంతే, అరగదీసి తెచ్చాడు. దానికి ఆయనకు గంటన్నర పట్టింది. ఇక ఆ తర్వాత ఆయన జిగురాయనతో స్నేహం కట్టాడు. ఏ చెక్క, ఎంత పలచన, జిగురు ఎన్ని చుక్కలు అని ఇద్దరూ మాట్లాడుకుంటూ కూర్చుంటే, కొట్టుకొచ్చినవాళ్ళు కావలసినవి తామే తీసుకునేవాళ్ళు. రెండోది చేశాడు, మోగలేదు. మూడోది మోగింది గానీ పగిలింది. ఇప్పుడు నాలుగోదాని మీద ఉన్నాడు.

పిన్ని ఆట కూడా మారింది. ముందుకొచ్చి కొట్టడం తగ్గింది. బల్లకు రెండడుగులు వెనక్కి జరిగి, బంతిని రానిచ్చి, కూర్చోనిచ్చి, పంపించడం నేర్చుకుంది. అవతలివాళ్ళు విసుగెత్తి తప్పు చేసేదాకా పంపిస్తూనే ఉంటుంది. "మీతో ఆడితే నిద్రొస్తోందమ్మా" అన్నాడొకసారి మాష్టారు, ఓడిపోయి.

చలికాలం మొదట్లో, నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకు పక్క ఊళ్ళో ఒకరోజు పోటీలు పెట్టారు. పిన్ని వెళ్ళింది. నేనూ బాబాయీ వస్తామంటే వద్దంది. మొదటి ఆట గెలిచింది. రెండో ఆటలో పళ్ళ డాక్టరొకావిడ తగిలింది, గట్టి మనిషి. ఐదు గేముల దాకా సాగింది. చివరి గేములో పదీ తొమ్మిది దగ్గర, పిన్ని ఒక్క పాయింటు వెనకుండగా, ఒక బంతి మొదలై ఎంతకీ ఆగలేదట. ఆ డాక్టరమ్మ కొడుతూనే ఉంది, పిన్ని పంపిస్తూనే ఉంది. చుట్టూ చప్పుళ్ళన్నీ తగ్గిపోయాయట. బంతి మీద అచ్చు ఒక్కోసారి మరకలా, ఒక్కోసారి అక్షరం అక్షరంగా కనిపించిందట. నలభై దాకా లెక్కపెట్టి ఎవరో వదిలేశారు. చివరికి బంతి వల అంచుకు తగిలి, ఒక్క క్షణం దాని మీద నిలబడి, పిన్ని వైపే పడింది. ఓడిపోయింది. ఇద్దరూ వల మీంచి చేతులు కలుపుకుని, వదలడం మర్చిపోయి నిలబడ్డారట.

ఇదంతా ఆమె తర్వాత చెప్పింది. ఆ రోజు మాకు తెలిసింది వేరు. ఐదున్నరకు రావలసిన బస్సు వచ్చింది, పిన్ని దిగలేదు. ఆరింటికి ఫోను మోగింది. బాబాయి చేతుల నిండా జిగురు. నేను ఫోనెత్తి ఆయన చెవి దగ్గర పెట్టాను. అవతలి గొంతు నాక్కూడా వినిపిస్తూనే ఉంది.

"ఎక్కడున్నావు?"

"చివరి స్టాపులోనండీ. బస్సులో నిద్రపట్టేసింది. మన స్టాపు ఎప్పుడు పోయిందో తెలీదు. కండక్టరు లేపితే దిగాను."

"తిరుగు బస్సు లేదా?"

"ఉంది. ఇందాక ఒకటి వెళ్ళింది."

"మరెందుకు ఎక్కలేదు?"

"ఇక్కడ పెద్ద చెరువుందండీ. ఇన్నేళ్ళూ మన బస్సు మీద ఈ చెరువు పేరే రాసుందని నాకు తట్టనే లేదు. బాతులు వరసగా ఒడ్డుకొస్తున్నాయి. బెంచీ మీద కూర్చున్నాను."

"ఆట ఏమైంది?"

"ఓడిపోయాను. చాలా బాగా ఓడిపోయాను."

బాబాయి జిగురు వేళ్ళవైపు చూసుకున్నాడు. "నేనూ రానా?" అన్నాడు.

"రండి. చలిగా ఉంది, శాలువా తీసుకురండి."

ఆయన చేతులు కడుక్కుని, శాలువా మడతపెట్టి, మడత సరిగా లేదని మళ్ళీ మడతపెట్టి, చంకలో పెట్టుకుని బస్టాపు వైపు గబగబా నడిచాడు. తలుపు గడియ ఒక్కసారి కూడా సరిచూడలేదు. చెప్పులు మాత్రం ఒక కాలికి తనది, ఒక కాలికి నాది వేసుకెళ్ళాడు. వెనక్కి పిలిస్తే బస్సు పోతుందని నేను పిలవలేదు.